ట్రిబ్యూట్ కన్సర్ట్‌కి పర్మిషన్ అక్కర్లేదా? అపోహలు - వాస్తవాలు

బ్రాడ్‌వే మ్యూజికల్స్‌కి (పాటలతో నడిచే నాటకాలకి) పాటలు కట్టిన స్టీఫెన్ సాండ్‌హైమ్ పుట్టినరోజు మార్చి 22. ఆ నెల దగ్గర పడిందంటే ఇక్కడ అమెరికాలో పియానో వాయిస్తూ, రైట్స్ పని కూడా చూసే నాలాంటోళ్లకి ఆయన పాటలతో ట్రిబ్యూట్ కన్సర్ట్ పెట్టేవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. మాట ఒకటే. "అన్నా, హాల్‌కి ఆస్కాప్ లైసెన్స్ ఉందంట, ఇంకేం అక్కర్లేదు కదా?"

ఆస్కాప్ అంటే పాటలు రాసేవాళ్ల, పబ్లిషర్ల తరఫున పాడుకోడానికి లైసెన్స్ ఇచ్చే సంస్థ. ఆ లైసెన్స్ పాటని పాటగా పాడటానికే. మామూలు బట్టల్లో మైక్ ముందు నిలబడి, ఒక్కో షో నుంచి ఒకటో రెండో పాడితే ఆ లైసెన్స్ చాలు. అదే ఆయన మ్యూజికల్ ఇంటూ ది వుడ్స్ పాటలు కథ వరసలో పెట్టి, పాపకి ఎర్ర కేప్ వేసి, మధ్యలో డైలాగులు చెప్పిస్తే అది నాటకం కిందకొస్తుంది, దానికి కావాల్సింది గ్రాండ్ రైట్స్ (నాటకంగా వేసే హక్కులు), అవి ఆస్కాప్ ఇవ్వదు, ఆ షో హక్కులు ఇచ్చే ఎంటీఐ అనే కంపెనీని అడగాలి. ట్రిబ్యూట్ అని పేరు పెట్టినంత మాత్రాన ఏమీ మారదు! ఆ మధ్య ఒక గ్రూప్ వాళ్లు టికెట్లు అమ్మేసి, కాస్ట్యూమ్స్ కుట్టించేశాక నన్ను పిలిచారు. కేపులు తీసేసి, డైలాగులు కోసేసి, సగం పాటలు మార్చాల్సొచ్చింది, నెలల తరబడి నేర్చుకున్న వాళ్ల పాప ఏడుస్తుంటే చూడలేకపోయాను. అడక్కుండా చేసి కేసు దాకా వెళ్తే చట్టం ప్రకారం ఒక్కో వర్క్‌కి 750 నుంచి 30,000 డాలర్ల నష్టపరిహారం, కావాలనే చేశారని తేలితే 1,50,000 దాకా. దయచేసి పాటల లిస్ట్ ఖాయం చేసేముందే అడగండి. యూట్యూబ్‌లో పెట్టే ఆలోచనుంటే పబ్లిషర్ దగ్గర సింక్ లైసెన్స్ (పాటని వీడియోతో కలిపి వాడుకునే అనుమతి) వేరే తీసుకోవాలి.

"చారిటీ షో కదా" అంటారు. మినహాయింపు ఉంది, కానీ పాడేవాళ్లకీ, వాయించేవాళ్లకీ, నడిపేవాళ్లకీ ఎవ్వరికీ డబ్బివ్వకూడదు, టికెట్ పెడితే ఖర్చులు పోను మొత్తం చారిటీకే వెళ్లాలి, హక్కుదారు ముందే రాసి వద్దంటే అదీ లేదు. నాటకంలా వేస్తే అసలు వర్తించదు.

"ఆయన పోయారుగా, ఇప్పుడు ఫ్రీ." ఎవరు పుట్టిస్తారో ఇవి! పోయింది 2021లో, ఇంటూ ది వుడ్స్ పాటలకి 2091 చివరిదాకా కాపీరైట్ ఉంటుంది.

వెస్ట్ సైడ్ స్టోరీ అనే మ్యూజికల్‌కి ఆయన రాసింది లిరిక్స్, సంగీతం లెనార్డ్ బెర్న్‌స్టీన్‌ది. పోస్టర్ మీద పేర్లు వేసేముందు చూసుకోండి.

ఇక "ఆయన పాటలు మావల్ల కావు" అని భయపడేవాళ్లకి. సెండ్ ఇన్ ది క్లౌన్స్ అనే పాట నటి గ్లినిస్ జాన్స్ కోసం రాశారు, ఆవిడ నోట్ ఎక్కువసేపు నిలబెట్టలేరని లైన్లు చిన్నచిన్నగా కట్టారు. దాంతో మొదలుపెట్టండి. శ్రుతి ఎక్కువైతే చెప్పండి, దించి వాయిస్తాను.