స్టాండ్ మిక్సర్ కొనాలా, వద్దా: అపోహలు, వాస్తవాలు

బేకింగ్ తరగతుల్లో కేకు మధ్యలో ఎందుకు కుంగిపోయిందన్న ప్రశ్న తరువాత నాకు ఎక్కువగా ఎదురయ్యేది గిన్నెలో వేసిన పిండిని, క్రీమును మోటారుతో కలిపిపెట్టే స్టాండ్ మిక్సర్ అనే యంత్రం కొనాలా, వద్దా అన్న ప్రశ్నే. పేరున్న విదేశీ కంపెనీ మిక్సర్ మన దగ్గర అరలక్ష రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. అదే డబ్బుతో ఒక ఓవెన్, ఒక మిక్సీ, ఒక వెట్ గ్రైండర్ కొన్నా చేతిలో ఇంకా కొంత మిగులుతుంది. అంత ఖర్చుకు సిద్ధపడినవారు చెప్పే కారణాల్లో చాలావాటికి ఆ యంత్రం చేసే పనితో సంబంధమే ఉండదు. అందువల్ల నేను తరచుగా వినే మాటలను ఒక్కొక్కటిగా ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఇదొక్కటి ఉంటే మిక్సీ, గ్రైండర్ అక్కర్లేదు.

వాస్తవం: స్టాండ్ మిక్సర్‌లో బ్లేడు లేదు, రాయి లేదు. అది కలుపుతుంది, గిలకొడుతుంది, పిసుకుతుంది. రుబ్బడం, పొడి చేయడం దానివల్ల కాదు. ఇడ్లీ పిండికి గ్రైండర్, పచ్చడికి మిక్సీ ఉండి తీరవలసిందే. మన వంటల్లో దీనికి నిజంగా పని దొరికే సందర్భాలు కొన్ని ఉన్నాయి. బొబ్బట్ల పైపిండిని నూనె పోస్తూ, దారంలా సాగేదాకా పిసకాలి. అది ఈ యంత్రానికి సరిగ్గా సరిపడే పని. రుబ్బిన మినప్పిండిని గారెల కోసం గిలకొట్టడానికి కూడా బాగా పనికివస్తుంది, చిన్న ఉండను నీళ్ల గిన్నెలో వేస్తే తేలేటంత తేలికగా పిండిని చేసిపెడుతుంది. అమెరికాలోని తెలుగు ఇళ్లలో దీనితో చపాతీ పిండి కలుపుకునేవారు చాలామంది ఉన్నారు. కానీ నలుగురికి చపాతీలు చేయడానికి అరలక్ష అవసరం లేదు. కొన్ని మిక్సీలతో వచ్చే ఫుడ్ ప్రాసెసర్ గిన్నెలో పిండి కలిపే బ్లేడు పెట్టి తిప్పితే రెండు నిమిషాల్లో ముద్ద తయారవుతుంది.

అపోహ: మంచి కేకు రావాలంటే స్టాండ్ మిక్సర్ ఉండాలి.

వాస్తవం: ఇంటి కేకుకు కావలసినది వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టడం, గుడ్ల నురుగు నిలబెట్టడం. ఈ రెండూ రెండు మూడు వేల రూపాయల హ్యాండ్ బీటర్ చేసిపెడుతుంది. వెన్న 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటేనే గాలిని పట్టుకుంటుంది. మే నెలలో మన వంటింట్లో జారిపోయిన వెన్నను ఎంత ఖరీదైన యంత్రంలో తిప్పినా నూనె, పంచదార కలిపినట్లే ఉంటుంది. క్రీము సంగతీ అంతే. 25 శాతం కొవ్వు ఉన్న ఫ్రెష్ క్రీమ్ డబ్బా తెచ్చి, అది గట్టిపడకపోతే తప్పు బీటర్‌దే అనుకునేవారు ఉన్నారు. నిలబడే క్రీముకు కనీసం 30 శాతం కొవ్వు ఉండాలి, గిన్నెతో సహా చల్లగా ఉండాలి. పైగా మైదా వేసిన తరువాత పెద్ద మిక్సర్‌ను వదిలేస్తే అది క్షణాల్లో అతిగా కలిపేస్తుంది. మైదాలో సాగే గుణాన్నిచ్చే ప్రొటీన్ అయిన గ్లూటెన్ బిగిసి కేకు బిరుసుగా, లోపల సొరంగాలతో వస్తుంది. మైదాను గరిటెతో చేత్తో కలపమని నేను మిక్సర్ ఉన్నవారికి కూడా చెబుతాను.

అపోహ: వాట్లు ఎంత ఎక్కువ ఉంటే యంత్రం అంత బలమైనది.

వాస్తవం: కొనేవారిని ఎక్కువగా పక్కదారి పట్టించేది ఈ అంకే. ఏడెనిమిది వేల రూపాయల యంత్రం పెట్టె మీద 1,200, 1,500 వాట్లని ఉంటుంది. దానికి ఐదారు రెట్లు ధర పలికే కిచెన్‌ఎయిడ్ కంపెనీ ఆర్టిజాన్ నమూనా మీద 300 వాట్లని ఉంటుంది. పెట్టె మీద ముద్రించినది మోటారు కరెంటు ఎంత లాగుతుందో చెప్పే అంకె మాత్రమే. అందులో ఎంత బలం పిండిని పిసికే కొక్కెం, అంటే హుక్ దాకా చేరుతుందో ఆ అంకె చెప్పదు. ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం మోటార్లు నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి. పిండి ముద్దను పిసికే హుక్ మాత్రం చాలా నెమ్మదిగా, కానీ బలంగా తిరగాలి. ఆ వేగాన్ని బలంగా మార్చేది మధ్యలో ఉన్న గేర్లు. లోహపు గేర్లు, బరువైన లోహపు శరీరం, బరువు పడినప్పుడు వేగం తగ్గకుండా చూసే నియంత్రణ ఉంటే 300 వాట్లు చాలు. అవి లేకపోతే 1,500 వాట్లున్నా పెద్దగా ఉపయోగం ఉండదు.

వాట్లకు బదులుగా చూడవలసిన అంకె యంత్రం అడుగున అంటించిన రేటింగ్ ప్లేటు మీద ఉంటుంది. చవక మిక్సర్లను తిప్పి చూస్తే చాలావాటి మీద కేబీ (KB) 5 నిమిషాలు అనో, 6 నిమిషాలు అనో చిన్న అక్షరాలతో ఉంటుంది. అంటే అంతసేపు నడిపాక ఆపి చల్లారనివ్వాలని అర్థం. బ్రెడ్ ముద్దకు ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాల పిసుకుడు కావాలి కనుక, ఆ యంత్రంతో రొట్టె చేయాలంటే మధ్యలో విరామం ఇచ్చి తీరాలి. ఇది ఆ యంత్రం లోపం కాదు, దాని హద్దు. ఆ హద్దు తెలిసి వాడుకుంటే చవక మిక్సర్ కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అందువల్ల చవకది కొంటే డబ్బు వృథా అన్న మాటతో కూడా నేను ఏకీభవించను. నెలకు రెండు కేకులు, అప్పుడప్పుడు 300 గ్రాముల మైదాతో బన్నులు చేసేవారికి అదే సరైన కొనుగోలు.

అపోహ: మిక్సర్‌లో కలిపిన ముద్దతో చేసిన రొట్టె చేత్తో కలిపినదానికంటే మేలు.

వాస్తవం: గ్లూటెన్ ఏర్పడడానికి ముఖ్యంగా కావలసినవి నీళ్లు, సమయం. మైదా, నీళ్లు కలిపి అరగంట మూతపెట్టి ఉంచితే పిసకవలసిన పనిలో సగం దానంతటదే జరిగిపోతుంది. ముద్ద సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి చిన్న ముక్కను వేళ్ల మధ్య మెల్లగా సాగదీసి వెలుతురుకు ఎదురుగా పట్టాలి. చిరగకుండా పలుచని పొరలా సాగి వెలుగు కనబడితే చాలు, అది చేత్తో వచ్చిందా, యంత్రంతో వచ్చిందా అన్నది రొట్టెకు తెలియదు. యంత్రం నిజంగా ఆదుకునేది ఒక కిలోకు మించిన ముద్దలకు, చేతికి అంటుకుపోయే మెత్తని ముద్దలకు, వెన్న, గుడ్లు ఎక్కువగా పడే తీపి రొట్టెలకు.

మన ఎండల్లో యంత్రం తెచ్చిపెట్టే కొత్త ఇబ్బంది ఒకటుంది, అది వేడి. హుక్ రాపిడికి ముద్ద వేడెక్కుతుంది, వేడెక్కిన ముద్ద అదుపు తప్పి పొంగి పులిసిపోతుంది. బేకరీల్లో దీనికి ఒక లెక్క ఉంది. కలిపిన ముద్ద 25 డిగ్రీల దగ్గర ఉండాలనుకుంటే దాన్ని 3 తో గుణించాలి, 75 వస్తుంది. అందులోంచి గది ఉష్ణోగ్రతను, పిండి ఉష్ణోగ్రతను, రాపిడికి వేసుకునే అంకెను తీసివేస్తే పోయవలసిన నీళ్ల ఉష్ణోగ్రత వస్తుంది. విజయవాడ వేసవిలో వంటిల్లు 36, పిండి 36 ఉన్నాయనుకుందాం, మిగిలేది 3. మిక్సర్ రాపిడికి సుమారు 12 తీసేస్తే మైనస్ 9 తేలుతుంది. మైనస్ 9 డిగ్రీల నీళ్లు ఏ ఫ్రిజ్‌లోనూ దొరకవు కనుక, ముందురోజు రాత్రే పిండిని ఫ్రిజ్‌లో పెట్టాలి. పిండి 8 డిగ్రీలకు దిగితే అదే లెక్కలో 19 డిగ్రీల నీళ్లు సరిపోతాయి. చేత్తో పిసికేటప్పుడు రాపిడి అంకె చాలా తక్కువ. మిక్సర్ కొన్న తొలి వేసవిలో రొట్టె పుల్లగా వస్తోందని అడిగేవారికి నేను మొదట చెప్పేది ఒక థర్మామీటరు కొనుక్కోమని.

అపోహ: పెద్ద గిన్నె ఉన్నదే తీసుకోవాలి, ఎప్పటికైనా పనికొస్తుంది.

వాస్తవం: ఐదు లీటర్ల గిన్నెలో రెండు తెల్లసొనలు వేస్తే గిలకొట్టే తీగల బీటర్, అంటే విస్క్ వాటిని సరిగా అందుకోదు. పావుకిలో గోధుమపిండి వేస్తే ముద్ద హుక్‌కు చుట్టుకుని దానితోపాటే తిరుగుతుంది తప్ప పిసుకుడు పడదు. పెద్ద పరిమాణంలో మరో చిక్కు ఉంది: కంపెనీలు చెప్పే పిండి పరిమితి మైదాకు సంబంధించినది, పూర్తి గోధుమపిండికి ఆ పరిమితి అంతకంటే తక్కువ. గోధుమపిండిని మైదా కొలతతో వేసి, పైగా త్వరగా కావాలని వేగం పెంచితే గేరు మీద భారం పడుతుంది. కిచెన్‌ఎయిడ్ తన సూచనల్లో హుక్‌ను రెండో వేగానికి మించి తిప్పవద్దని స్పష్టంగా రాస్తుంది. అయినా వీడియోల్లో ఆరో వేగంలో ముద్ద ఎగిరిపడుతూ కనిపిస్తూనే ఉంటుంది.

అపోహ: మనం డబ్బు కడుతున్నది పేరుకే.

వాస్తవం: కొంతవరకు నిజమే, రంగుకు, ఆకారానికి కూడా ధర వేస్తారు. అయితే ఈ యంత్రం పుట్టుకే బేకరీ పని కోసం. అమెరికాలోని ఒహాయోలో హోబార్ట్ కంపెనీ ఇంజనీరు హెర్బర్ట్ జాన్‌స్టన్ 1908లో ఒక బేకరీ కార్మికుడు లోహపు గరిటెతో రొట్టె పిండి కలపడం చూసి ఈ ఆలోచన చేశాడని చెబుతారు. 1919లో కిచెన్‌ఎయిడ్ పేరుతో ఇళ్లకు వచ్చిన మొదటి నమూనా ధర 189.50 డాలర్లు, బరువు 30 కిలోలకు దగ్గర. ఆనాటి సంసారులకు అది అందే ధర కాదు. 1937లో వచ్చిన నమూనాలో ముందుభాగాన అదనపు పరికరాలు తగిలించే రంధ్రం ఎలా ఉందో నేటికీ అలాగే ఉంది. అటువంటి కొనసాగింపుకు విలువ ఉంది. కానీ పాస్తా రోలరు, కీమా గ్రైండరు వేటికవి విడిగా, వేల రూపాయల్లో కొనాలి. వాటి కోసమే మిక్సర్ కొంటున్నామనేవారిని నేను నమ్మను, ఆ రోలరు పెట్టెలోంచి బయటికి రావడం చాలా ఇళ్లలో ఒక్క దసరా సెలవులకే పరిమితం.

అపోహ: వంటింట్లో ఏదో ఒక మూల సర్దుకుంటుంది.

వాస్తవం: ఆర్టిజాన్ బరువు సుమారు 12 కిలోలు. వాడిన ప్రతిసారీ బీరువాలోంచి దించి, మళ్లీ ఎక్కించే యంత్రం మూడు నెలల్లో వాడకం తప్పిపోతుంది. దానికి వంటగట్టు మీద శాశ్వతమైన చోటు ఇవ్వగలరా అన్నది ధర కంటే ముందు తేల్చుకోవలసిన సంగతి. మోటారు ఉన్న యంత్రం తలను పైకెత్తినప్పుడు అది పైనున్న అల్మారాకు తగలకుండా ఉంటుందో లేదో టేపుతో కొలిచి చూడాలి. మణికట్టు నొప్పి, భుజం పట్టేసిన బాధ ఉన్నవారి విషయం వేరు. వారికి వారానికి రెండుసార్లు రొట్టె చేసే అలవాటు కూడా ఉంటే ఖరీదైన మిక్సర్ కొనమనే నేను చెబుతాను, ఇందులో నాకు సందేహం లేదు.

అపోహ: కేకుల వ్యాపారం మొదలుపెడితే దాని ఖర్చు అదే రాబట్టుకుంటుంది.

వాస్తవం: గృహ వినియోగానికి అమ్మిన మిక్సర్‌ను వ్యాపారానికి వాడితే సాధారణంగా వారంటీ వర్తించదు. రోజూ ఐదారు కిలోల ముద్ద కలపాలనుకునేవారు ఆ డబ్బును బేకరీల్లో వాడే 10 లీటర్ల ప్లానెటరీ మిక్సర్ వైపు మళ్లించడం మేలు. అది అందంగా ఉండదు, చప్పుడు చేస్తుంది, కానీ ఆ పనికే తయారైంది.

అపోహ: అమెరికా నుంచి వచ్చేవారితో తెప్పించుకుంటే సగం ధరకే వస్తుంది.

వాస్తవం: అక్కడి యంత్రం 120 వోల్టులది, మన ఇంటి కరెంటు 230. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కూడా మోటారు వాట్లకు రెట్టింపు సామర్థ్యం కలదై ఉండాలి, దానికీ బరువు, ధర, చోటు ఉన్నాయి. 23 కిలోల బ్యాగేజీలో సగానికి పైగా ఆ మిక్సరే తినేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు.

అపోహ: తలలోంచి నూనె కారితే మిక్సర్ పాడైనట్లే.

వాస్తవం: గేర్ల చుట్టూ ఉండే గ్రీజు చాలాకాలం కదలకుండా ఉంటే అందులోని నూనె విడిపోయి బీటర్ కాడ మీదుగా దిగుతుంది. తుడిచేసి, ఖాళీగా కొద్దిసేపు నడిపితే చాలాసార్లు ఆగిపోతుంది. ఆగకపోతే గ్రీజు మార్పించాలి. అసలు చెడిపోయే భాగం వేరు. కొన్ని మిక్సర్లలో మోటారును కాపాడడానికి ఒక గేరును కావాలనే మెత్తగా తయారుచేస్తారు. భారం మించితే ముందుగా అరిగేది, విరిగేది అదే. దాన్ని మారిస్తే యంత్రం మళ్లీ నడుస్తుంది. కనుక డబ్బు కట్టేముందు మీ ఊళ్లోని సర్వీసు సెంటరుకు ఫోను చేసి, మీరు కొనబోయే నమూనా పేరు చెప్పి, ఆ గేరు వారి దగ్గర నిల్వ ఉందో లేదో, తెప్పించాలంటే ఎన్ని వారాలు పడుతుందో అడగండి. సూటిగా జవాబు రాకపోతే మరో కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోను చేయండి.