ఇవాళ ఏ వారమో గుర్తులేదా? ఇంట్లో రోగిని చూసుకునేవారి గురించి అపోహలు - వాస్తవాలు

నేను హోమ్ కేర్ నర్సుని. మంచం పట్టినవారిని ఇంట్లోనే చూసుకుంటున్న కుటుంబాల దగ్గరికి వెళ్లి డ్రెస్సింగ్, పైపులు మారుస్తాను, మందులు సరిచూస్తాను. "ఈ యూరిన్ పైపు ఎప్పుడు వేశారమ్మా?" అని అడిగితే కూతురో, కోడలో, భార్యో ఠక్కున చెప్పలేక తలదించుకుంటారు. వాళ్లు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ రోజుల లెక్క తప్పితే కొన్నిచోట్ల నిజంగానే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కడ కంగారు పడనక్కర్లేదో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: రోజులు గుర్తుండటం లేదంటే శ్రద్ధ తగ్గినట్టే.

వాస్తవం: వారం మనకు గుర్తుండేది క్యాలెండర్ వల్ల కాదు. శుక్రవారం తలస్నానం, శనివారం ఒంటిపూట భోజనం, ఆదివారం కోడికూర, గురువారం బాబా గుడి, సోమవారం పొద్దున పిల్లల స్కూలు హడావిడి. వీటిని పట్టుకునే రోజులు లెక్కపెట్టుకుంటాం. ఇంట్లో ఒకరు మంచం పట్టగానే మొదట ఆగిపోయేవి ఇవే. ఇక రోజూ అవే పనులు: డైపర్ మార్చడం, మందులు వేయడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, అర్ధరాత్రి లేచి చూడటం. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేనప్పుడు మెదడు వాటిని విడివిడిగా గుర్తుపెట్టుకోలేదు. పగలు జరిగినవి జ్ఞాపకంగా కుదురుకోవడానికి నిద్ర కావాలి, ఆ నిద్రేమో ముక్కలు ముక్కలు. అమ్మకు సేవ చేస్తూ నాన్న తద్దినం తిథి దాటిపోయిందని ఏడ్చిన కూతుళ్లను చూశాను. అది ప్రేమ లేక జరిగింది కాదు తల్లీ, నిద్ర లేక జరిగింది.

అపోహ: ఇలా మర్చిపోతున్నానంటే నాకూ అల్జీమర్స్ వస్తోందేమో.

వాస్తవం: మతిమరుపు ఉన్న అత్తగారినో తండ్రినో చూసుకునేవారికి ఈ భయం మరీ ఎక్కువ. ఎవరైనా "ఇవాళ బుధవారం కదా" అనగానే "అవును, నిన్న ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చాడు" అని మీకు వెంటనే గుర్తొస్తే, చాలావరకు అది అలసటే. తెలిసిన దారి తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, ఎప్పుడూ చేసే డబ్బు లెక్కలు చేయలేకపోవడం ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి వైద్యం ఉంది.

అపోహ: ఒకరోజు అటూ ఇటూ అయితే మందులకు ఏం కాదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. రోజూ వేసే మాత్ర ఒకపూట తప్పితే చాలాసార్లు సర్దుకోవచ్చు. వారానికోసారి వేసేది రోజూ వేస్తే సర్దుకోలేం. రుమటాయిడ్ కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారంలో ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడతాయి, తెల్ల రక్తకణాలు పడిపోతాయి, చనిపోయినవారూ ఉన్నారు. అలా జరిగిందని అనుమానం వస్తే నోటిపుండ్లు వచ్చేదాకా ఆగకండి, మాత్రల స్ట్రిప్ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 60,000 యూనిట్ల విటమిన్ డి కూడా చాలామందికి వారానికోసారే రాస్తారు. బలానికే కదా అని రోజూ ఇస్తూపోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మగత వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. గుండెజబ్బుకు డిగాక్సిన్ కొందరికి వారంలో 5 రోజులు వేసి 2 రోజులు ఆపమంటారు. క్యాన్సర్ నొప్పికి వేసే ఫెంటానిల్ ప్యాచ్ సాధారణంగా 72 గంటలకు మార్చాలి. పాతది తీయకుండా కొత్తది అంటిస్తే మత్తు ఎక్కువై ఊపిరి మందగిస్తుంది.

కాబట్టి వారం మందును రోజువారీ మందుల డబ్బాలో కలపకండి. చీటీ మీద "వారానికి ఒక్కసారి, ఫలానా రోజు" అని తెలుగులో రాయమని డాక్టర్‌ను అడగండి, మొహమాటపడకండి. మందు తప్పిపోయిందని మర్నాడు మీ అంతట మీరు రెట్టింపు వేయకండి, ఫోన్ చేసి అడగండి.

అపోహ: ఫోన్‌లో అలారం ఉందిగా!

వాస్తవం: అలారం వేళ చెబుతుంది, మందు ఇచ్చారో లేదో చెప్పదు. చేతికి గ్లవ్స్ ఉన్నప్పుడు మోగితే ఆపేసి మర్చిపోతాం. నేను ఎక్కువగా నమ్మేది గోడ క్యాలెండర్‌ను. తిథి, వర్జ్యం ఉండే మన తెలుగు క్యాలెండరే, పెన్ను దారంతో దానికే కట్టి. మందు ఇచ్చాకే టిక్ పెట్టాలి, ముందు కాదు. మోషన్ అయిన రోజు, జ్వరం వచ్చిన రోజు అక్కడే రాయండి. డాక్టర్ "ఎన్ని రోజులైంది?" అంటే ఊహించి చెప్పక్కర్లేదు. యూరిన్ పైపు వేసిన తేదీ ప్లాస్టర్ మీద రాసి బ్యాగుకు అంటించండి. మామూలు లేటెక్స్ పైపైతే 2 నుంచి 4 వారాలు, సిలికాన్‌దైతే 12 వారాల వరకు ఉంచుతారు, మీ నర్సు చెప్పిన గడువును పాటించండి. ఇన్సులిన్ సీసా తెరిచిన తేదీ సీసా మీదే రాయాలి. చాలా రకాలు తెరిచాక 28 రోజులే పనికొస్తాయి.

అపోహ: నాన్న "ఇవాళ ఏ వారం?" అని పదేపదే అడిగితే గుర్తొచ్చేదాకా పరీక్ష పెట్టాలి.

వాస్తవం: పెట్టకండి. నెమ్మదిగా చెప్పేయండి, మళ్లీ అడిగితే మళ్లీ చెప్పండి. పగలు కిటికీ తెరవండి, కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా అయోమయంగా మాట్లాడినా, అదేపనిగా మగతగా ఉన్నా వయసు అనుకోవద్దు. యూరిన్ ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం తగ్గి ఉండొచ్చు. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: అన్నీ నాకే తెలుసు, వేరేవాళ్లు చూడలేరు.

వాస్తవం: అన్నీ మీ తలలోనే ఉన్నంతకాలం చూడలేరు. గోడ మీద రాసి ఉంటే తమ్ముడో ఆడపడుచో వారానికో పూట చూడగలరు. ఆ పూట ఎప్పుడూ వారంలో ఒకే రోజు రావాలి, అప్పుడు మీ వారానికీ ఒక గుర్తు ఏర్పడుతుంది. వాళ్లు సాయం చేస్తామని వాళ్లంతట వాళ్లు అనకపోవచ్చు. "ఆదివారం సాయంత్రం నువ్వు రా అన్నా" అని అడగండి. అదే క్యాలెండర్‌లో మీ బీపీ మాత్ర, మీ షుగర్ పరీక్ష కూడా రాసుకోండి, నెలసరి తేదీలతో సహా. మనసు బాగా కుంగిపోతే టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్లకు సంబంధించిన సాయానికి, సమాచారానికి ఎల్డర్ లైన్ 14567 ఉంది. రెండూ ఉచితమే.