దవడ నొప్పికి ఆక్యుపంక్చర్: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతి

దవడ నొప్పితో నా దగ్గరికొచ్చేవాళ్ళు చాలామంది ముందు పంటి డాక్టర్ దగ్గరికి, తర్వాత చెవి డాక్టర్ దగ్గరికి తిరిగి, ఎక్స్‌రేలో ఏం లేదనిపించుకుని, ఎవరో చెప్తే ఆఖరికి ఇటు, సన్నటి సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్‌కి వస్తారు. వస్తూ వస్తూ వాట్సాప్‌లో చదివినవన్నీ మోసుకొస్తారు. అందుకే రోజూ నోటితో చెప్పేదే ఇక్కడ రాసి పెడుతున్నా.

అపోహ: ఇంజెక్షన్ లాంటి సూదే కదా, మొహం మీద గుచ్చితే ప్రాణం పోతుంది.

అస్సలు కాదండీ. ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది, మందు పోవాలి కాబట్టి లావు ఎక్కువ, మామూలుగా అర మిల్లీమీటరు పైనే. మొహానికి మేం వాడేది 0.20, 0.25 మిల్లీమీటర్ల సన్నటి స్టీల్ సూది, అందులో మందేం ఉండదు. దవడ మూల దగ్గర ఎస్‌టీ 6 అని మేం సూది గుచ్చే ఒక పాయింట్ ఉంది, పళ్ళు గట్టిగా బిగించమంటాను, చెంప వెనక కండ ఉబ్బుతుంది చూడండి (మీరూ ఇప్పుడే వేలు పెట్టి చూడొచ్చు), ఆ చోటు గుర్తు పెట్టుకుని ఇక వదిలేయండి అని చెప్పి, కండ మెత్తబడ్డాక గుచ్చుతాను. చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది అంతే. తర్వాత కండ లోపల బరువుగా, లాగుతున్నట్టు ఉంటుంది, అది రావాలనే మేం చూసేది. కానీ కరెంట్ కొట్టినట్టు జివ్వుమంటే మాత్రం ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి, సూది వెనక్కి తీస్తాం.

అపోహ: నొప్పి దవడలో ఉంటే చేతికి గుచ్చుతారేంటి, ఇదంతా నమ్మకం మీద నడిచేదే.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే ఎల్‌ఐ 4 అనే పాయింట్ గురించి ఈ మాట. పాత చైనా గ్రంథాల లెక్కలో అక్కడి నుంచి మొహం దాకా ఒక నాడి పోతుంది. నన్నడిగితే నేను నరాల భాషలోనే చెప్తాను, అక్కడ గుచ్చితే మెదడు నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు వదులుతుందని ఒక వివరణ. 1977లో మనుషుల మీదే ఒక ప్రయోగం చేశారు, పంటికి చిన్న కరెంట్‌తో నొప్పి పుట్టించి, ఈ పాయింట్‌లో సూది పెడితే నొప్పి తగ్గింది, ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే నాలోక్సోన్ అనే మందు ఇవ్వగానే ఆ ఉపశమనం పోయింది. తర్వాత వేరేవాళ్ళు చేస్తే మళ్ళీ అలా రాలేదు, అదీ చెప్పాలి కదా. దవడ మీద జరిగిన స్టడీలు కూడా ఎక్కువగా చిన్నవి, కొన్నాళ్ళ వరకే చూసినవి, ఉత్తుత్తి సూదులతో కూడా కొందరికి తగ్గింది. కండ బిగుసుకుపోయి వచ్చే నొప్పికి కొంతకాలం ఉపశమనం ఇస్తుంది అనే వరకే నేను ధైర్యంగా చెప్తాను.

అపోహ: నోరు తెరిస్తే టక్కుమంటోంది, సూదులతో ఆ శబ్దం పోతుంది.

పోదు. దవడ కీలు లోపల చిన్న డిస్క్ ఉంటుంది, అది పక్కకి జరిగి మళ్ళీ చోటులోకి వచ్చేటప్పుడు ఆ శబ్దం. నొప్పి లేకపోతే దాన్ని అలా వదిలేయొచ్చు. సడన్‌గా శబ్దం ఆగిపోయి నోరు సగమే తెరుచుకుంటోందంటే మాత్రం డిస్క్ ఇరుక్కుందేమో, ముందు డెంటల్ డాక్టర్‌కి చూపించండి.

అపోహ: నోరు తెరుచుకోవట్లేదా, అయితే దవడ కండలు పట్టేశాయి, నాలుగు సూదులు పెడితే వదులవుతాయి.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. మన దగ్గర గుట్కా, వక్కపొడి, పాన్ మసాలా నమిలేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు, మూడూ నిలువుగా పెడితే పళ్ళ మధ్య పట్టాలి. రెండే పడుతున్నాయా, కూర కొంచెం కారంగా ఉన్నా నోరు మండిపోతోందా, చెంప లోపలి చర్మం పాలిపోయి వేలితో తడిమితే గట్టి పట్టీల్లా తగులుతోందా, అది కండ పట్టేయడం కాదు, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, అంటే నోటి లోపలి పొర గట్టిపడిపోయే జబ్బు. పొగాకు కలపని ఉత్త వక్కతో కూడా వస్తుంది, కొందరిలో నోటి క్యాన్సర్‌కి దారి తీస్తుంది. ఆ పట్టీలని ఏ సూదీ వదులు చేయలేదు. అలా కనిపిస్తే నేను సూది ప్యాకెట్ తెరవను, డెంటల్ కాలేజీకి వెళ్ళమని రాసిస్తాను, వక్క ఆ రోజే మానేయమంటాను, కొందరు ఫీలై వెళ్ళిపోతారు, పర్లేదు.

మెట్లెక్కినప్పుడు దవడ లాగి, ఆగితే తగ్గుతోందంటే గుండె చూపించుకోండి. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ అలిసిపోవడం, చూపు మసక, ఇవి కలిసొస్తే అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు.

అపోహ: ఒక్క సిట్టింగ్‌తో పర్మనెంట్‌గా పోతుంది.

వారానికి ఒకటి రెండు సార్లు, ఒక్కోసారి ఇరవై ముప్పై నిమిషాలు. నాలుగైదు సిట్టింగ్‌లకి ఏమాత్రం తేడా లేదంటే ఆపేయమని నేనే చెప్తాను. సూది కండని వదులు చేసి వదిలేస్తుంది, మీరు ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్ ముందు, ట్రాఫిక్‌లో బండి మీద మళ్ళీ పళ్ళు బిగబట్టి కూర్చుంటే నొప్పి తిరిగొస్తుంది. మాట్లాడనప్పుడు, తిననప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తగలకూడదు, పెదాలు మూసి, పళ్ళు విడిగా, నాలుక మెల్లగా అంగిలికి ఆనించి ఉంచాలి. నొప్పి ఉన్నన్నాళ్ళు సకినాలు, చెరకు ముక్కలు, చూయింగ్ గమ్ వద్దు. రాత్రి పళ్ళు కొరికేవాళ్ళకి డెంటిస్ట్ ఇచ్చిన నైట్ గార్డ్ (పళ్ళకి వేసుకునే తొడుగు) ఉంటే, ఆక్యుపంక్చర్ మొదలెట్టాం కదా అని దాన్ని డ్రాయర్లో పడేయకండి.

అపోహ: మందు లేదు కాబట్టి సైడ్ ఎఫెక్ట్సూ లేవు.

చెంప మీద చిన్న నీలం మచ్చ, ఒకటి రెండు రోజులు నొప్పి, ఖాళీ కడుపుతో వస్తే కళ్ళు తిరగడం, ఇవి మామూలే, అందుకే ఏదైనా తిని రమ్మంటాం. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, ప్రెగ్నెంట్ అయినా ముందే చెప్పాలి, గర్భిణులకి చేతి మీద ఆ ఎల్‌ఐ 4 పాయింట్ వాడకపోవడం మా ఆనవాయితీ. దవడతో పాటు భుజానికి కూడా పెట్టించుకునేవాళ్ళు ఉంటారు, అక్కడ లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అరుదుగానైనా ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో ఆక్యుపంక్చర్‌ని ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది గానీ, బోర్డు పెట్టిన ప్రతివాళ్ళూ నేర్చుకుని పెట్టారని కాదు, ఎక్కడ చదివారని మొహమాటం లేకుండా అడగండి. సూదులు ఒక్కసారి వాడి పారేసేవే అయ్యుండాలి, ప్యాకెట్ మీ కళ్ళ ముందు చింపకపోతే లేచి వచ్చేయండి.