రాకెట్ లేకుండా అంతరిక్షానికి: ఈ ఆలోచన వెనక 130 ఏళ్ల కథ

నేల మీంచి లేచే రాకెట్ బరువులో దాదాపు 90 శాతం ఇంధనం, దాన్ని మండించే ఆక్సిజనే. మనం నిజంగా పైకి చేర్చాలనుకున్న సరుకు మూడు నాలుగు శాతం ఉంటే గొప్ప. ఇంధనాన్ని మోయడానికి ఇంకొంత ఇంధనం, దాన్ని మోయడానికి మరికొంత. ఈ చిక్కుని లెక్కకట్టి 1903లో అచ్చువేయించింది రష్యాలో స్కూలు టీచర్‌గా పనిచేసిన సియోల్కోవ్‌స్కీ. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1895లో, రాకెట్‌తో పనిలేని దారి గురించి రాసిందీ ఆయనే! ఈఫిల్ టవర్ స్ఫూర్తితో, అలాంటి కట్టడం భూస్థిర కక్ష్య దాకా (అక్కడి ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటు మీద నిలిచినట్టుంటుంది), అంటే సుమారు 36,000 కిలోమీటర్లు లేస్తే ఏమవుతుందని ఊహించాడు.

కింది నుంచి కట్టుకుంటూ పోతే ఏ పదార్థమైనా సొంత బరువుకే నలిగిపోతుంది. లెనిన్‌గ్రాడ్ ఇంజనీర్ యూరీ అర్త్సుతానోవ్ 1960 జులైలో ఒక దినపత్రికలో రాస్తూ దీన్ని తలకిందులు చేశాడు. టవర్ కట్టొద్దు, ఆ కక్ష్య నుంచి కిందికి తాడు వేలాడదీయండి, అది కిందపడకుండా అవతలి వైపు కూడా తాడు పొడిగించి బరువు సరితూచండి అన్నాడు. ఆ వ్యాసం బయటి ప్రపంచానికి చేరలేదు. 1966లో అమెరికాలో సముద్ర పరిశోధకులు నలుగురు, 1975లో జెరోమ్ పియర్సన్ అనే ఇంజనీర్ మళ్లీ మొదటి నుంచి ఆలోచించి అదే చోటికి వచ్చారు. ఒకరికొకరు తెలియకుండా మూడుసార్లు పుట్టిన ఆలోచనని ఊరికే కొట్టిపారేయలేం.

తాడు దేనితో చేయాలి? ఉక్కు తీగని కిందికి వదులుతూ పోతే కొన్ని పదుల కిలోమీటర్లకే తెగుతుంది. 1991లో జపాన్‌లో ఇజిమా అనే శాస్త్రవేత్త కార్బన్ నానోట్యూబుల్ని, అంటే కంటికి కనిపించనంత సన్నని, చాలా బలమైన కార్బన్ గొట్టాల్ని వెలుగులోకి తెచ్చాక ఆశ చిగురించింది, నాసా డబ్బుతో బ్రాడ్లీ ఎడ్వర్డ్స్ లక్ష కిలోమీటర్ల రిబ్బన్‌కి లెక్కలు వేశాడు, 2012లో ఒబయాషి అనే జపాన్ నిర్మాణ సంస్థ 2050కల్లా 96,000 కిలోమీటర్ల కేబుల్‌తో, దాని మీద పైకి ఎక్కే లిఫ్ట్ కడతామంది. అయితే 2013లో చైనాలోని సింగ్‌హువా యూనివర్సిటీ పెంచిన నానోట్యూబ్ పొడవు అర మీటరుకి కాస్త ఎక్కువ, అప్పట్లో అదే రికార్డు.

నాకు ఎక్కువ నచ్చేది రెండో పాయ. ఇందులో బలం పదార్థానిది కాదు, వేగానిది. 1980ల్లో అమెరికాలో లాఫ్‌స్ట్రామ్, బ్రిటన్‌లో పాల్ బర్చ్, సోవియట్ బెలారస్‌లో అనతోలీ యూనిత్స్కీ దాదాపు ఒకే కాలంలో ఈ దారి పట్టారు. యూనిత్స్కీ 1982లో చెప్పింది ఇది: భూమధ్యరేఖ చుట్టూ 40,000 కిలోమీటర్ల వంతెన మీద ఒక వలయం పెట్టాలి, లోపల గాలి తీసేసిన గొట్టంలో, అయస్కాంతాల మీద తేలే బెల్టుని, కక్ష్యలో నిలవడానికి కావాల్సిన వేగం కంటే జోరుగా, సెకనుకి దాదాపు పది కిలోమీటర్లు దాటించి తిప్పాలి. అప్పుడు బయటికి తోసే బలం బరువుని మించి, వలయం అన్ని వైపులా ఒకేసారి పైకి లేస్తుంది. వెనక పొగ ఉండదు, నడిపేది కరెంటు. కానీ 300 కిలోమీటర్ల ఎత్తుకి చేరేసరికి చుట్టుకొలత దాదాపు 1,900 కిలోమీటర్లు పెరుగుతుంది, ఆ సాగుదలని తట్టుకునే అతుకులు వేలకి వేలు కావాలి, ఏ ఒక్కటి విడిపోయినా లోపలి బెల్టులో ఉన్న శక్తంతా ఎటు పోతుందో ఆలోచిస్తే భయమేస్తుంది. పైగా ఉపగ్రహాలు దాదాపు అన్నీ భూమధ్యరేఖ తలాన్ని దాటేవే, వలయం ఎత్తులోకి వచ్చేవి ఏదో ఒక రోజు ఎదురుపడొచ్చు.

నా మాటల్లో అసలు తేడా ఇదీ: రాకెట్‌ని చిన్నది కట్టి, పేల్చి, నేర్చుకుని పెద్దది చేయొచ్చు. వలయాన్ని పావు వంతు కట్టి పరీక్షించలేం, అది పూర్తయితేనే పైకి లేస్తుంది. దాని దారిలో మూడొంతులకి పైగా సముద్రం, మిగతాది ఈక్వెడార్, కొలంబియా, బ్రెజిల్, కాంగో, కెన్యా, ఇండొనేషియా లాంటి దేశాల నేల.

ఎవరి నేల మీది ఆకాశం ఎవరిదనే గొడవ మొదలై కూడా చాలా కాలమైంది. అంతరిక్షం ఏ దేశం సొత్తూ కాదని 1967 ఒప్పందం చెబుతుంటే, 1976 డిసెంబరులో భూమధ్యరేఖ దేశాలు కొన్ని బొగోటాలో కూర్చుని, తమ నెత్తిమీదున్న భూస్థిర కక్ష్య ముక్క తమదేనని ప్రకటించాయి. మిగతా ప్రపంచం దాన్ని ఒప్పుకోలేదు. కానీ వలయమైనా, తాడైనా, కింద ఆనేది మాత్రం ఆ దేశాల నేలకో, వాటి పక్క సముద్రానికో. దీని మీద ఇంజనీర్ల లెక్కలు కుప్పలుగా ఉన్నాయి, ఆ దేశాలకి ఏ హక్కుండాలో చెప్పే ఒప్పందం ఒక్కటీ లేదు.