ఇంగ్లీష్ కంచెలు: క్లాసులో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఒంగోలులో పదహారేళ్లుగా ఇంగ్లీష్ చెప్తున్నాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది దర్శి, పొదిలి, కనిగిరి వైపు నుంచి, కొంతమంది కావలి నుంచి రైల్లో వచ్చిపోయేవాళ్లు. దాదాపు అందరివీ పొలాలున్న ఇళ్లే. చేనుకి అడ్డంగా కంప వేయడం, పెరటికి దడి కట్టడం, గొర్రెల మందకి రాత్రిళ్లు వల చుట్టడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు. అలాంటి పిల్లలే ఇంగ్లీష్‌లో కంచె మాట రాగానే టెన్షన్ పడిపోయి, ఈ ఇడియమ్‌కి ఈ సామెత అని జతలు కట్టి బట్టీ పడుతుంటారు. నాకు అక్కడే బాధేస్తుంది. ఇవన్నీ పొలంలో పుట్టిన మాటలు. కంచె ఎవరు వేశారు, లోపల ఎవరున్నారు అని రెండు ప్రశ్నలు వేసుకుంటే సగం అర్థం దానంతట అదే తెలిసిపోతుంది.

అపోహ: ‘సిట్ ఆన్ ద ఫెన్స్’ అంటే గోడ మీద పిల్లి.

ప్రతి బ్యాచ్‌లోనూ ఈ జవాబు వస్తుంది. గోడ మీద పిల్లి అంటే ఎటు లాభముంటే అటు దూకేవాడు, ఆ మాటలో అవకాశవాదం ఉంది. ఇంగ్లీష్‌లో కంచె మీద కూర్చున్నవాడు ఇంకా ఎటూ తేల్చుకోలేదు, లేదా తేల్చి చెప్పడం ఇష్టం లేదు, అంతవరకే. ‘అయామ్ ఆన్ ద ఫెన్స్ అబౌట్ ఇట్’ అని మన గురించి మనం చెప్పుకుంటే తప్పేమీ లేదు, కానీ ఎదుటివాళ్లని ‘యూ ఆర్ సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్’ అంటే మాత్రం దెప్పినట్టే. పొదిలి దగ్గర నుంచి వచ్చిన ఒక అబ్బాయిని ఇంటర్వ్యూలో పగటి షిఫ్టా, రాత్రి షిఫ్టా అని అడిగితే, నాకు ఏదైనా పర్వాలేదు అని చెప్పాలనుకుని ‘ఐ సిట్ ఆన్ ద ఫెన్స్’ అన్నాడట. వాళ్లకి అది ఇతను ఏదీ తేల్చి చెప్పని మనిషి అన్నట్టు వినపడింది. ‘ఐదర్ ఈజ్ ఫైన్ విత్ మీ’ అంటే సరిపోయేది. ఆ రోజు వాడి మొహం చూశాక ఈ మాటని మొదటి వారంలోనే చెప్పేస్తున్నాను.

అపోహ: ‘మెండ్ ఫెన్సెస్’ అంటే మధ్యలో కంచె గట్టిగా వేసుకుని ఎవరి దారి వాళ్లు చూసుకోవడం.

పూర్తిగా తలకిందులు. చెడిన సంబంధాన్ని మళ్లీ బాగు చేసుకోవడం దీని అర్థం. గట్టు దగ్గర మాటా మాటా అనుకుని రెండేళ్లు పలకరింపుల్లేకుండా ఉన్న అన్నదమ్ములు, ఒకరి ఇంట్లో పెళ్లికి ఇంకొకరు ముందుగా వెళ్లి పనిలో చెయ్యి కలిపారనుకోండి, ఆ చేసిన పనే మెండింగ్ ఫెన్సెస్. ఇది అమెరికా రాజకీయాల్లో బాగా తిరిగిన మాట. 1879లో అక్కడి ఆర్థిక మంత్రి జాన్ షెర్మన్ ఒహాయోలోని సొంత ఊరు మాన్స్‌ఫీల్డ్‌కి వచ్చినప్పుడు, నా కంచెలు చూసుకోవడానికి వచ్చాను అన్నాడని చెప్తారు. ఎన్నికలు, మద్దతు కూడగట్టుకోవడం ఆ మాట వెనక ఉన్నాయని అందరికీ అర్థమైంది, అలా అది ఊళ్లో మనుషులతో సంబంధాలు చక్కబెట్టుకోవడమనే అర్థంలో నిలబడింది.

దీని పక్కనే ఇంకో పొరపాటు. ‘గుడ్ ఫెన్సెస్ మేక్ గుడ్ నైబర్స్’, అంటే కంచెలు బాగుంటే ఇరుగుపొరుగు బాగుంటారు అన్నది, అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్ అభిప్రాయమని వ్యాసాల్లో రాసేస్తుంటారు. ఆయన 1914లో అచ్చేసిన ‘మెండింగ్ వాల్’ కవితలో ఆ మాట అనేది పక్క పొలం ఆసామి. కవితలో ‘నేను’ అని మాట్లాడే మనిషికి అసలు ఆ గోడ ఎందుకన్నదే అనుమానం. ఆ సామెత అంతకుముందు నుంచే ఉంది కూడా.

అపోహ: ఇన్, ఆఫ్, అవుట్ ఏది పెట్టినా ఒకటే, ఫెన్స్ ఉంటే చాలు.

లేదు, అర్థమంతా ఆ చిన్న మాటలోనే ఉంది. కొత్తపట్నం వైపో, విడవలూరు వైపో వెనామీ రొయ్యల గుంటలు చూసే ఉంటారు. గట్టు మీద చుట్టూ మోకాలి ఎత్తున వల కడతారు, పీతలు లోపలికి పాకి రోగం తేకుండా. ఆ పని ఫెన్స్ అవుట్, ఎందుకంటే మనం అడ్డుకునేది బయట ఉంది. గేదె దూడల్ని తిరగనివ్వకుండా చుట్టూ కడితే ఫెన్స్ ఇన్. ఉన్న పొలంలోనే బోరు దగ్గర నాలుగు సెంట్లు విడదీసి కంచె వేస్తే ఫెన్స్ ఆఫ్. మనుషుల విషయంలో ‘ఐ ఫీల్ ఫెన్స్‌డ్ ఇన్’ అంటే ఊపిరాడట్లేదు, ఎవరో నన్ను కట్టేశారు అని చెప్పుకోవడం. మా అమ్మానాన్న నన్ను జాగ్రత్తగా చూసుకున్నారు అనే అర్థంలో ఒకమ్మాయి ఇదే మాట రాసింది. ఆ వాక్యం వాళ్ల నాన్నగారు చదివి ఉంటే ఎంత నొచ్చుకునేవారో. ‘బాక్స్ ఇన్’ కూడా ఇలాంటిదే, మన బండికి ముందూ వెనకా వేరే బండ్లు పెట్టేసి తీయనివ్వకపోతే ‘అయామ్ బాక్స్‌డ్ ఇన్’.

ఇక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ‘కూప్ అప్’. పిల్లలు దీన్ని వంట చేయడం అనుకుంటారు, ‘కుక్ అప్’తో కలిపేసి. కూప్ అంటే ఇప్పుడు కోళ్ల గూడు, కానీ మొదట్లో ఇంగ్లీష్‌లో ఆ మాటకి అర్థం బుట్ట, కోడి మీద బోర్లించే బుట్ట. అంటే మనం సాయంత్రం పూట కోడిని మూసే గంపే! నేను బోర్డు మీద గంప బొమ్మ గీసి, కింద ఒక మనిషిని కూర్చోబెట్టి చూపిస్తాను, ఇంకేమీ చెప్పక్కర్లేదు. ‘వియ్ వర్ కూప్‌డ్ అప్ ఎట్ హోమ్’ అంటే లాక్‌డౌన్‌లో రోజుల తరబడి ఇల్లు కదలకుండా ఉన్నాం చూడండి, అదీ. ఇది ఎక్కువగా ఇలా మూయబడినవాళ్ల వైపు నుంచే చెప్తారు. గంపలో ఉన్నది కోడి, గంప వేసింది వేరేవాళ్లు.

అపోహ: స్పెల్లింగ్ ఒకటైతే మాట ఒకటే.

‘పెన్‌డ్ ఇన్’ అంటే పెన్నుతో రాశారని, ‘బ్యాక్ టు ద ఫోల్డ్’ అంటే మళ్లీ మడత పెట్టడమని, ‘బియాండ్ ద పేల్’ అంటే పాలిపోవడమని చెప్పినవాళ్లని చూశాను. రాసే పెన్ను లాటిన్‌లో ఈకని చెప్పే ‘పెన్నా’ నుంచి వచ్చింది, గొర్రెల్ని తోలి మూసే పెన్ పాత ఇంగ్లీష్ మాట, రెండింటికీ చుట్టరికం లేదు. ఫోల్డ్ కూడా అంతే, అది మంద పడుకునే దొడ్డి. పార్టీ వదిలి వెళ్లినవాడు తిరిగి సొంత గూటికి వస్తే పేపర్లు రాసేది ఆ దొడ్డి గురించే. ఇక పేల్ అంటే భూమిలో పాతిన గుంజ, పోల్ అన్న మాటా దాని వేరు నుంచే. గుంజలు పాతిన హద్దు దాటిన ప్రవర్తన ఎవరూ ఒప్పుకోనిది అని భావం. ఐర్లండ్‌లో డబ్లిన్ చుట్టూ ఇంగ్లీష్ రాజుల చేతిలో ఉన్న ప్రాంతాన్ని ద పేల్ అనేవాళ్లు, అది నిజమే, కానీ ఈ ఇడియమ్ అక్కడే పుట్టిందనడానికి ఆధారం లేదు. గైడ్లలో మాత్రం తేల్చి రాసేస్తున్నారు.

అపోహ: ప్రతి తెలుగు సామెతకీ ఇంగ్లీష్‌లో జత ఉంటుంది.

పొరుగింటి పుల్లకూర రుచికి ఉంది, కంచెకి అవతల గడ్డి ఎప్పుడూ పచ్చగా కనిపిస్తుందన్న మాట. కంచే చేను మేస్తే అన్నదానికి కంచెతో జత లేదు. ‘ద ఫెన్స్ ఈట్స్ ద క్రాప్’ అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. కోళ్ల గూటికి నక్కని కాపలా పెట్టినట్టు అన్న మాట వాడతారు వాళ్లు.

అపోహ: ‘ఎన్‌క్లోజ్’ అంటే దరఖాస్తుకి కాగితాలు జత చేయడం.

మన ఆఫీసుల్లో అది ఒక్కటే మిగిలింది. ఇంగ్లండ్ పల్లెల్లో మాత్రం అది పొట్ట కొట్టిన మాట. ఊరందరూ పశువులు మేపుకునే భూములకి కంచెలు వేసి సొంతదారుల పేరున పెట్టడానికి 1604 నుంచి 1914 మధ్య పార్లమెంటు 5,200కి పైగా చట్టాలు చేసింది, సుమారు 68 లక్షల ఎకరాలు అలా వెళ్లాయి. మేత పోరంబోకు పోతే గొర్రెలవాళ్లకి ఏమవుతుందో మన మెట్ట ఊళ్లలో ఎవరికీ వివరించక్కర్లేదు.

చివరగా ‘ఇంపౌండ్’. పోలీసులు బండి తీసుకెళ్లి స్టేషన్‌లో పెడితే ఈ మాట వాడతారు, డబ్బు కట్టాలి కాబట్టి పౌండ్ అని వచ్చిందని పిల్లల నమ్మకం. డబ్బు పౌండ్‌కి మూలం లాటిన్‌లో తూకం. ఈ పౌండ్ బందెలదొడ్డి. మన దగ్గర చేలో పడ్డ పశువుల్ని తోలుకెళ్లి పెట్టే ఆ దొడ్లకి 1871 నాటి చట్టం కూడా ఉంది. ఇదే పౌండ్ కొంచెం పలుకు మారి ‘పాండ్’ అయింది, గట్టు కట్టి నిలబెట్టిన నీళ్లన్నమాట. కొత్తపట్నం పిల్లలకి ఇది చెప్పిన రోజు, వెనక బెంచీలో ఒకబ్బాయి లేచి, అయితే మా నాన్న రొయ్యల గుంట కూడా దొడ్డేనా సార్ అని అడిగాడు. అవును, అదే.