ఆటగాడి మీద గృహహింస ఆరోపణ: క్లబ్బులు వదలని అపోహలు, అసలు చేయాల్సిన పనులు

ఆటగాడి మీద గృహహింస ఫిర్యాదు వచ్చిందని తెలిసిన రోజు క్లబ్ ఆఫీసులో మొదట వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "విషయం కోర్టులో ఉంది, మనం కలగజేసుకోకూడదు." ఆ మాట అనేసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తర్వాతి మ్యాచ్ జాబితాలో అతని పేరు ఎప్పటిలాగే ఉంటుంది, ఇంటి తాళాలు ఎప్పటిలాగే అతని జేబులోనే ఉంటాయి. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు విని విని విసిగిపోయిన మాట ఇది. అందరికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: కోర్టు తేల్చేదాకా క్లబ్ చేతులు కట్టేసినట్టే

ఇక్కడ రెండు వేర్వేరు నిర్ణయాలను ఒకే ముడిలో వేసేస్తున్నారు. అతను తప్పు చేశాడా లేదా అన్నది ఒకటి. అది తేలేలోపు ఎవరు ఎక్కడ ఉండాలి, ఎవరు ఎవరితో మాట్లాడకూడదు, అతను మైదానంలోకి దిగాలా వద్దా అన్నది రెండోది. మొదటిదానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు. రెండోదానికి ఉన్నవి గంటలే. బాధితురాలు ఇల్లు వదిలి వెళ్ళే సమయం, ఫిర్యాదు చేసిన మొదటి రోజులు ఆమెకు అత్యంత ప్రమాదకరమైనవి. గతంలో గొంతు నొక్కిన సంఘటన ఒక్కటున్నా సరే, తర్వాత ప్రాణాపాయం కొన్ని రెట్లు పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే క్లబ్ "వేచి చూద్దాం" అంటుంది.

క్రిమినల్ కోర్టుకు కావలసింది సహేతుకమైన అనుమానానికి తావులేని రుజువు. ఉద్యోగానికి సంబంధించిన క్రమశిక్షణ విచారణ సాధారణంగా చూసేది, ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువ అన్నది. కేసు కొట్టేసినంత మాత్రాన క్లబ్ విచారణ దానంతటదే ముగిసిపోదు. కేసు నమోదైనంత మాత్రాన అతను దోషీ అయిపోడు.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతేమీ కాదు. ఆస్ట్రేలియాలో నేషనల్ రగ్బీ లీగ్ 2019లో ఒక నిబంధన తెచ్చింది. గరిష్ఠంగా 11 ఏళ్ళు లేదా అంతకు మించి జైలు శిక్ష పడగల నేరం కింద అభియోగం నమోదైతే, తప్పొప్పుల జోలికి పోకుండానే ఆటగాడిని మ్యాచ్‌ల నుంచి పక్కన పెడతారు. జీతం పూర్తిగా వస్తుంది, శిక్షణకు వెళ్ళొచ్చు. అంతకన్నా తక్కువ శిక్ష ఉన్న కేసుల్లో లీగ్ విచక్షణ. అదే ఏడాది ఒక ఆటగాడు ఫెడరల్ కోర్టుకెక్కినా ఆ నిబంధన నిలబడింది. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్, ఆటగాళ్ల సంఘంతో కూర్చుని 2015 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది. ఆరోపణ రాగానే జీతంతో ఏడు రోజుల వరకు సెలవులో పెట్టొచ్చు, అవసరమైతే పొడిగించొచ్చు. పోలీసులు కేసు పెట్టినా పెట్టకపోయినా లీగ్ అధిపతి (కమిషనర్) తన విచారణ తాను చేసుకోవచ్చు. ఆ ఒప్పందం కింద 2016లో పడిన మొదటి సస్పెన్షన్ 30 మ్యాచ్‌లది. ఆ ఆటగాడి మీద క్రిమినల్ అభియోగం అసలు నమోదే కాలేదు.

రెండు చోట్లా ఉమ్మడి అంశం ఒకటుంది, గమనించండి. విచారణ సాగేంతవరకు పక్కన పెట్టినా జీతం ఆగదు. అందుకే అది శిక్ష కిందికి రాదు, తాత్కాలిక ఏర్పాటు అవుతుంది. ఆటగాడి కాంట్రాక్టులో ఈ మాట ముందే రాసి ఉంటే ఆరోపణ వచ్చిన రోజు వాదన ఉండదు. రాసి లేకపోతే క్లబ్ ఆ రోజు కూర్చుని నిబంధన తయారు చేయబోతుంది, ఏజెంట్ లాయర్‌ని తీసుకొస్తాడు, వారం గడిచిపోతుంది.

సరే, మొదటి రోజు ఏం చేయాలి? ఒక్క మనిషికి బాధ్యత అప్పగించాలి. కోచ్‌కి వద్దు, కెప్టెన్‌కి వద్దు, జట్టు ఎంపికలో మాట చెల్లే ఎవరికీ వద్దు. సమాచారం ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో తేదీ, సమయంతో సహా ఆ మనిషి రాసి పెట్టాలి. ఎవరికైనా తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే ఆ క్షణమే పోలీసులకు ఫోన్ చేయాలి. క్లబ్ ఆవరణలోనో, జట్టు బస చేసిన హోటల్లోనో ఏదైనా జరిగి ఉంటే సీసీ కెమెరా ఫుటేజీ అదే రోజు భద్రపరచమని లిఖితపూర్వకంగా అడగాలి. చాలా కెమెరాల్లో పాత ఫుటేజీ మీద కొత్తది తిరగరాసుకుపోతుంది. నెల తర్వాత అడిగితే ఉండేది ఖాళీ హార్డ్‌డిస్కే.

ఆ తర్వాత ఇల్లు. క్లబ్బులు పూర్తిగా మరిచిపోయేది దీన్నే. ఆ ఇంటి అద్దె ఒప్పందం చాలాసార్లు క్లబ్ పేరు మీదే ఉంటుంది. కారు, ఫోన్ కనెక్షన్, ఆరోగ్య బీమా కూడా అంతే. అంటే ఆమె నిద్రపోతున్న గది తాళం మీద క్లబ్‌కి హక్కుంది. అప్పుడు బయటికి మారాల్సింది అతను. హోటలో, వేరే ఫ్లాటో క్లబ్ చూపించాలి. ఆమె, పిల్లలు అక్కడే ఉంటామంటే ఉండనివ్వాలి, తాళాలు మార్పించాలి. కారులో ట్రాకింగ్ పరికరం ఉందేమో, క్లబ్ ఇచ్చిన ఫోన్‌లో లొకేషన్ ఎవరికైనా కనిపిస్తోందేమో చూపించుకునే సాయం ఆమెకు అందాలి. ఆమె వేరే చోటికి వెళ్ళాలనుకుంటే ఆ చిరునామా క్లబ్‌లో ఏ ఫైల్లోనూ ఉండకూడదు.

బెయిల్ ఉత్తర్వు లేదా రక్షణ ఉత్తర్వు నకలు తెప్పించుకుని ఒక్కో షరతునూ జట్టు షెడ్యూలు పక్కన పెట్టి చదవాలి. "ఫలానా చోటికి ఇన్ని మీటర్ల లోపు రాకూడదు" అని ఉంటే, శిక్షణ మైదానం ఆ హద్దు లోపల ఉందా? రాత్రి ఇంట్లో ఉండాలని ఉంటే సాయంత్రం మ్యాచ్ సంగతేంటి? పాస్‌పోర్టు కోర్టుకు అప్పగించి ఉంటే విదేశీ పర్యటన ఎలా? అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉల్లంఘన జరిగేది మరో షరతు దగ్గర: "ఇతరుల ద్వారా కూడా సంప్రదించరాదు." తోటి ఆటగాడు మంచితనంతో "వదినా, వాడు చాలా బాధపడుతున్నాడు, ఒక్కసారి మాట్లాడు" అని పంపిన మెసేజ్ ఒక్కటి చాలు, ఉత్తర్వు ఉల్లంఘించినట్టు అవుతుంది, బెయిల్ రద్దు కావచ్చు. ఆటగాళ్ల కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టే సానుభూతి మాటలతోనూ ఇదే చిక్కు. జట్టు మొత్తాన్ని కూర్చోబెట్టి ఈ ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి, వివరాల్లోకి పోకుండా.

ఇక క్లబ్ సొంత విచారణ. పోలీసుల దర్యాప్తు పూర్తి కాకముందే బాధితురాలిని పిలిచి ప్రశ్నలు వేయకండి. ఆమె ఎన్నిసార్లు చెబితే మాటల్లో అన్ని చిన్న తేడాలు వస్తాయి, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తేడాలే ఆమె మీదికి తిరుగుతాయి. విచారణ చేసేది బయటి మనిషి అయి ఉండాలి, ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి, ఆటగాడికి ఆరోపణలు రాతలో ఇవ్వాలి, పక్కన ప్రతినిధిని ఉండనివ్వాలి, అప్పీలుకు దారి ఉంచాలి.

ఇవి పాటించకపోతే ఏమవుతుందో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2014లో చూపించింది. ఫిబ్రవరిలో ఒక ఆటగాడు లిఫ్ట్‌లో తన కాబోయే భార్యను కొట్టాడు. మే నెలలో జట్టు ఆ ఆటగాడిని, అతని చేతిలో దెబ్బ తిన్న భార్యను పక్కపక్కన విలేకరుల ముందు కూర్చోబెట్టింది. ఆ రాత్రి తన పాత్ర పట్ల ఆమె చింతిస్తోందని జట్టు అధికారిక ఖాతాలో పోస్టు కూడా పెట్టింది. జూన్‌లో లీగ్ పెద్దలు ఆమెతో మాట్లాడినప్పుడు భర్త, జట్టు అధికారులు అదే గదిలో ఉన్నారు. జూలైలో రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు. విమర్శలు వెల్లువెత్తాక ఆగస్టులో మొదటి తప్పుకు ఆరు మ్యాచ్‌లని కొత్త నిబంధన పెట్టారు. సెప్టెంబరులో ఆ లిఫ్ట్‌ లోపలి వీడియో బయటికొచ్చింది, లీగ్ అతన్ని నిరవధికంగా సస్పెండ్ చేసింది. నవంబరులో మాజీ న్యాయమూర్తి ఒకరు అప్పీలు విని ఆ సస్పెన్షన్ కొట్టేశారు: ఒకే తప్పుకు అప్పటికే ఒకసారి శిక్ష వేశారు కాబట్టి. వాస్తవాలు పూర్తిగా సేకరించకుండా తుది శిక్ష వేయడం, జనం అరిచాక దాన్నే పెంచడం. ఆమెకు న్యాయం దక్కలేదు, లీగ్ నిర్ణయమూ నిలబడలేదు.

అపోహ: వెంటనే కాంట్రాక్టు రద్దు చేస్తే క్లబ్ బాధితురాలి పక్షాన నిలబడినట్టే

పత్రికా ప్రకటనకు బాగుంటుంది. ఆమె వైపు నుంచి చూడండి. అతని జీతంతోనే ఇల్లు నడుస్తోంది, పిల్లల ఫీజులు కడుతున్నారు. విదేశీ ఆటగాడైతే ఆమె వీసా చాలాసార్లు అతని కాంట్రాక్టుకే వేలాడుతుంటుంది. కాంట్రాక్టు తెగిన రోజు ఆమెకు ఇల్లు, బీమా, ఆ దేశంలో ఉండే హక్కు అన్నీ ఒకేసారి ప్రశ్నార్థకమవుతాయి. "నీ వల్లే నా ఉద్యోగం పోయింది" అనే మాట అతనికి దొరుకుతుంది. ఫిర్యాదు చేస్తే ఇలా అవుతుందని చూసిన మరో ఆటగాడి భార్య నోరు విప్పదు. పైగా అతను పక్క క్లబ్‌కి వెళ్ళిపోతాడు, అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. రద్దు చేయాల్సిన కేసులు ఉంటాయి, తప్పకుండా చేయాలి. విచారణ ముగిశాక, కారణాలు రాతలో పెట్టి, ఆమె నివాసం, బీమా కనీసం కొన్ని నెలలు కొనసాగేలా ఏర్పాటు చేశాక.

అపోహ: ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంది, కాబట్టి అబద్ధం

వెనక్కి తీసుకోవడానికి కారణాలు చాలా ఉంటాయి: భయం, డబ్బు, పిల్లలు, అత్తింటి ఒత్తిడి, అభిమానుల తిట్లు, ఇంకా ప్రేమ. వెనక్కి తీసుకోవడం ఒక సంఘటన, అబద్ధమని తేలడం మరొకటి. చాలా దేశాల్లో ఫిర్యాదుదారు తప్పుకున్నా ప్రాసిక్యూషన్ కేసు నడపగలదు. క్లబ్ కూడా వైద్య పత్రాలు, ఫుటేజీ, మెసేజ్‌లు, సాక్షుల మాటలతో తన విచారణ పూర్తి చేయగలదు. చేయకూడనిది ఒక్కటే, ఆమె దగ్గరికి మనిషిని పంపడం. రాజీ కుదిర్చే పెద్దమనిషి పాత్ర క్లబ్‌ది కాదు.

మిగతావి త్వరగా. "మైదానం బయటి విషయం మనకెందుకు" అనే క్లబ్బే అతని పెళ్ళి ఫొటోలు తన ఖాతాల్లో పెట్టుకుంది కదా. "డబ్బు కోసమే ఆరోపణ" అన్నది విచారణలో తేలాల్సిన విషయం, డ్రెస్సింగ్ రూమ్‌లో తేల్చేది కాదు. బాధితులు పురుషులూ కావచ్చు, మహిళల జట్లలోనూ ఇవే పద్ధతులు వర్తిస్తాయి. కోపం తగ్గించే నాలుగు క్లాసులకు పంపితే సరిపోతుందనుకోకండి. కోచ్ ముందు, అంపైర్ ముందు అదుపులో ఉండే కోపం ఇంట్లోనే ఎందుకు తప్పుతోంది? పనికొచ్చేది హింసకు పాల్పడేవాళ్ళ కోసమే తయారైన ప్రవర్తన మార్పు కార్యక్రమం, అది దీర్ఘకాలం సాగుతుంది. కాలిఫోర్నియాలో గృహహింస కేసులో ప్రొబేషన్ (కోర్టు షరతుల మీద, పర్యవేక్షణలో బయట ఉండనివ్వడం) పొందినవారికి చట్టం ఇలాంటి కార్యక్రమం కనీసం 52 వారాలు విధిస్తుంది. దంపతులిద్దరినీ కలిపి కౌన్సెలింగ్‌కు పంపడం మాత్రం వద్దు. గదిలో నిజం చెబితే ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఆటగాడి గురించి కూడా ఒక మాట. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి ఒంటరి హోటల్ గదిలో, ఫోన్ నిండా తిట్లతో, ఆట లేకుండా గడుపుతుంటాడు. ఆత్మహత్య ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకండి. అతనికి రోజూ ఫోన్ చేసే ఒక వెల్ఫేర్ మనిషి, ఒక మానసిక నిపుణుడు ఉండాలి. వాళ్ళకు విచారణతో సంబంధం ఉండకూడదు. అతను వాళ్ళకు చెప్పింది విచారణ ఫైల్లోకి రాకూడదు. ఒక్క మినహాయింపు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందని తెలిస్తే దాచకూడదు. ఈ మినహాయింపు అతనికి మొదటి రోజే చెప్పాలి.

చివరగా ప్రకటన, ఎందుకంటే మీడియా మేనేజర్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. "మా ఆటగాడికి అండగా నిలుస్తాం", "కుటుంబ విలువలున్న మనిషి", "ఇది వారి వ్యక్తిగత వ్యవహారం", ఈ మూడూ కొట్టేయండి. ఆమె పేరు, ఊరు, పిల్లల వివరాలు, గుర్తుపట్టగల ఏ మాటా ఉండకూడదు. ఇలా రాస్తే చాలు: "మా ఆటగాడొకరి మీద గృహహింస ఆరోపణ వచ్చినట్టు మాకు తెలిసింది. విచారణ జరిగేంతవరకు అతను మ్యాచ్‌లు ఆడడు. ఇది తప్పు రుజువైనట్టు కాదు. సంబంధితుల భద్రత దృష్ట్యా ఇంతకుమించి మాట్లాడం." దాని కింద స్థానిక గృహహింస హెల్ప్‌లైన్ నంబరు పెట్టండి. పోస్టు కింద కామెంట్లు మూసేయండి, లేకపోతే గంటలోపే ఎవరో ఒకరు ఆమె పేరు రాసేస్తారు.