శాతం లెక్కకు కిటికీ ఉంది, థెరపీకి లేదు

ఆంధ్రప్రదేశ్‌లో సదరం పత్రాల, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ధ్రువపత్రాల, పునఃపరిశీలన గొడవ మళ్లీ రాజుకుంది. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లులు ఫైళ్లు చంకన పెట్టుకుని ఆస్పత్రుల దగ్గర నిలబడుతున్నారు. పింఛను తీసుకుంటున్న అనర్హుల్ని ఏరేస్తున్నామన్నది అధికారుల మాట. దొంగ పత్రాలు ఉన్న మాట నిజమే. కానీ ఈ తల్లులు ఆ వరుసలోకి ఎలా వచ్చారన్నది వేరే కథ.

దివ్యాంగుల కోసం 1995లోనే ఒక చట్టం, ఆటిజం వంటివాటి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చాయి. అసలు మలుపు 2017 ఏప్రిల్ 19. ఆ రోజు అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఏడు వైకల్యాల జాబితాను 21కి పెంచి, ఆటిజాన్ని పేరు పెట్టి చేర్చింది. 25వ సెక్షన్‌లో ఇంటికి దగ్గర్లో, ముఖ్యంగా పల్లెల్లో ఉచిత వైద్యం అంది. ఏడాదికోసారి పిల్లలందరినీ పరీక్షించాలంది. ఇవన్నీ కాగితం మీదే మిగిలి, ధ్రువపత్రం ఒక్కటే చకచకా కదిలింది. దానికి పింఛను ముడిపడి ఉంది మరి. 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు.

మాట నేర్పే థెరపీకి దారి అంతకుముందే, 2013లోనే వేశారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఎదుగుదలలో తేడా కనిపిస్తే బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు అది తిరుపతి రుయా ఆస్పత్రిలో వచ్చింది. జిల్లాలో మండలాలేమో 66.

మాటలు నేర్పడం మాత్ర మింగించినట్టు కాదు. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి సాగాలి. కుప్పం నుంచి కూలికి పోయే తల్లి బిడ్డనెత్తుకుని తిరుపతికి వారానికి రెండు రోజులు వస్తుందని ఎవరనుకున్నారో తెలీదు. చిత్తూరు చుట్టుపక్కల వాళ్లు వేలూరు సీఎంసీ ఆస్పత్రి దారి పట్టారు. కుప్పం వాళ్లకు బెంగళూరే దగ్గర. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడగొట్టాక వాళ్లకు తిరుపతి పొరుగు జిల్లా అయిపోయింది. కేంద్ర ప్రభుత్వం 2021లో దేశంలో ప్రారంభించిన 14 సత్వర చికిత్సా కేంద్రాల్లో ఒకటి నెల్లూరుకు దక్కింది. గూడూరు వాళ్లకు అది మేలే. పలమనేరుకు ఏం ఒరిగింది?

బడి ఈడు వచ్చాక మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది. చికిత్స బాగా పనిచేసేది దానికి ముందు, రెండు నుంచి ఐదేళ్ల లోపు. ఆ వయసులో ఇంట్లో వినిపించే మాట వేరు. "వాళ్ల నాయన కూడా నాలుగేళ్లకే మాట్లాడినాడు, ఊరకుండు" అంటుంది అవ్వ. ఆ అవ్వను కాదని చెప్పగల మనిషి ఊళ్లో అంగన్‌వాడీ టీచరొక్కతే. ఆమెకు ఆ శిక్షణ ఎంత ఇచ్చారన్నది ఈ గొడవలో ఎవరూ అడగడం లేదు.

తిరుపతికి ఈ విద్య తెలియనిదేం కాదు. చెవుడు ఉన్న పసిపిల్లల కోసం టీటీడీ నడిపే 'శ్రవణం'లో తల్లిని బిడ్డ పక్కనే కూర్చోబెట్టి నేర్పుతారు. ఆటిజం పిల్లలకు అలాంటి చోటు ప్రతి డివిజన్‌లోనూ ఉండి ఉంటే, ఇవాళ్టి వరుస ఇంత పొడుగుండేది కాదు.

ఇక శాతం లెక్క. ఆటిజాన్ని కొలిచే మన దేశపు కొలమానంలో 40 అంశాలుంటాయి. లక్షణం ఎంత తీవ్రమైతే అన్ని ఎక్కువ మార్కులు. అన్నీ కలిపి 70 మార్కులొస్తే 40 శాతం వైకల్యం. అంతకు తగ్గితే పింఛను లేదు. కొలమానం కేంద్ర ప్రభుత్వానిది, తామేం చేయగలమని డాక్టర్లంటారు. నిజమే. పింఛను డబ్బును ప్రైవేటు స్పీచ్ థెరపీకి కట్టే తల్లి మాత్రం ఏం చేయాలి? బిడ్డ నోరు విప్పి "అమ్మా, నీళ్లు" అన్నాడంటే మార్కులు తగ్గుతాయి. మార్కులు తగ్గితే పింఛను ఆగుతుంది, దాంతోపాటే థెరపీ ఆగుతుంది.

2025 ఆగస్టులో పింఛన్లపై నోటీసులు అందినప్పటి నుంచి తల్లులు ఒకరికొకరు చెప్పుకునే జాగ్రత్త ఒకటుంది. పరీక్ష రోజు పిల్లోడిచేత మాట్లాడించొద్దని.